తెల్లవారే దాకా చెదరని రంగు

అభినయం ఆంగికం, వాచికం, సాత్త్వికం, ఆహార్యం అని నాలుగు విధాలుగా ఉన్నదని భరతముని నాట్యశాస్త్రం చెబుతున్నది. అవయవాలతో చేసేది ఆంగికం, మాటతో చేసేది వాచికం, మనస్సుతో చేసేది సాత్త్వికం, వేషంతో చేసేది ఆహార్యం. మొదటి మూడింటి కొరకు విద్యార్థులు నెలల తరబడి సాధన చేస్తారు. సంభాషణలు వల్లె వేస్తారు, పద్యాలు రాగయుక్తంగా పాడడం నేర్చుకొంటారు, రంగప్రవేశ నిష్క్రమణలను పదే పదే అభ్యసిస్తారు. నాలుగవదైన ఆహార్యాన్ని మాత్రం ప్రదర్శన జరిగే సాయంకాలానికి వదలివేస్తారు. అందుచేతనే మొదటి అంకంలో మహారాజువలె వెలిగిన ముఖం మూడవ అంకం వచ్చేసరికి చారలు దేలి, ముక్కు మీద మెరిసి, మీసం ఒక ప్రక్కకు ఊడి, ప్రేక్షకులకు జాలి గొల్పుతుంది. కరుణరసం పండవలసిన చోట హాస్యరసం పుడుతుంది.

దీనికి విరుగుడుగా చాలామంది ఎరిగిన ఉపాయం ఒక్కటే: రంగు మరింత దట్టంగా పట్టించడం. ఇది పొరపాటు. రంగు నిలవడానికి కారణం దాని మందం కాదు. దానిని పూసిన క్రమం. రంగు ఎంతసేపు నిలిచినది అనే ప్రశ్నకు తోడు, ఆ రంగు క్రింద ఉన్న చర్మం క్షేమంగా ఉన్నదా అనే ప్రశ్న కూడా వేసుకోవలసి ఉన్నది. రంగు ఒక్క రాత్రి నిలిస్తే చాలును. ముఖం జీవితకాలం నిలవాలి. ఈ రెంటినీ సాధించే మార్గాన్ని వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

దీపాలు, రంగులు

నాట్యశాస్త్రం ఆహార్యంలో శరీరానికి రంగులు పూసే పనికి అంగరచన అని పేరు పెట్టింది. తెలుపు, నీలం, పసుపు, ఎరుపు అనే నాలుగు మూలవర్ణాలను పేర్కొని, వాటి కలయికలను కూడా తెలిపింది. తెలుపూ పసుపూ కలిస్తే పాండువర్ణం, తెలుపూ నీలమూ కలిస్తే కపోతవర్ణం, నీలమూ పసుపూ కలిస్తే హరితవర్ణం. ఉర్దూ రంగస్థలాన్ని చూసినా ఇదే మమకారం కనబడుతుంది. 1853 ప్రాంతంలో లక్నోలో ఆగా హసన్ అమానత్ రచించిన ‘ఇందర్ సభ’లో నలుగురు పరీలు ఉన్నారు. వారు పుఖ్‌రాజ్ పరీ, నీలం పరీ, లాల్ పరీ, సబ్జ్ పరీ. పుష్యరాగపు పసుపు, నీలమణి నీలం, ఎరుపు, ఆకుపచ్చ వారి పేర్లలోనే ఉన్నాయి. భాష ఏదైనా, పాత్రను మొదట పలుకరించేది ప్రేక్షకుని కన్నే గదా!

మన కూచిపూడి భాగవతులు, వీథి భాగవతులు రాత్రంతా ఆడిన కాలంలో వెలుతురు దివిటీలది. పాత్ర ప్రవేశించునపుడు దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున మంట లేచి, ఆ క్షణంలో ముఖం ప్రకాశించేది. ఆ చలించే పసుపు వెలుగులో, దూరాన కూర్చున్న వారికి సైతం కనుబొమ కదలిక తెలియాలంటే గాఢమైన రంగు అవసరమయ్యేది. అందుకు అరదళం వంటి ఖనిజపు పొడులను వాడేవారు. కేరళలోని కథాకళి నటుడు వెల్లకిల పరుండి, మూడు నాలుగు గంటల సేపు ముఖాన్ని చిత్రకారునికి అప్పగించి, తెల్లవారే వరకు ఆడేవాడు. దవడ చుట్టూ బియ్యపుపిండి, సున్నం కలిపిన ముద్దతో పొర పొరగా కట్టే ‘చుట్టి’ ఆ ముఖానికి చట్రం వంటిది. ఇటీవలి కాలంలో దాని స్థానంలో కాగితం వచ్చింది.

పడమటి దేశాలలో మరొక మార్పు జరిగింది. లుడ్విగ్ లైక్నర్ అనే జర్మన్ గాయకనటుడు 1873లో కొవ్వు పదార్థంలో రంగు కలిపిన కడ్డీలను తయారుచేసే సంస్థను స్థాపించాడు. పొడి రంగు చెమటకు కారిపోతే, కొవ్వు రంగు చర్మానికి అంటుకొని నిలిచింది. 1914లో మాక్స్ ఫాక్టర్ చలనచిత్ర నటుల కొరకు పలుచని క్రీము రూపంలో రంగును తయారుచేశాడు. కెమెరా ముఖానికి దగ్గరగా వచ్చేసరికి దళసరి రంగు బీటలు వారి కనబడడమే ఇందుకు కారణం. 1930ల చివర వచ్చిన పాన్‌కేక్, తడి స్పాంజితో అద్దితే ఆరి, పలుచని పొరగా నిలిచేది. మన నాటక సమాజాలలో ఈనాటికీ ఆ పేరు వాడుకలో ఉన్నది.

ఈ చరిత్ర చెప్పే నీతి ఒక్కటే. దీపం బలపడిన కొద్దీ రంగు పలుచబడింది. నేటి కళాశాల వేదికల మీద విద్యుద్దీపాలు పట్టపగలును తలపిస్తున్నవి; మొదటి వరుసలో సెల్‌ఫోన్లు చర్మపు రంధ్రాలను సైతం పట్టి చూపిస్తున్నవి. అయినా మన చేయి మాత్రం దివిటీల కాలపు పాళ్ళలోనే రంగును పూస్తున్నది.

రంగును చెరిపేవి ఏవి?

ముఖం మీది రంగుకు నలుగురు శత్రువులు: చెమట, జిడ్డు, ఒరిపిడి, కదలిక.

చెమట శరీరం తనను తాను చల్లబరచుకొనే సాధనం. దానిని ఆపివేయడం సాధ్యమూ కాదు, శ్రేయస్కరమూ కాదు. రంగు పొర ఎంత మందంగా ఉంటే దాని క్రింద చెమట అంతగా గుమికూడి, చివరకు ఆ పొరను ముక్కలుగా లేపుతుంది. పలుచని పొర అయితే చెమట సూక్ష్మమైన సందుల గుండా వెలికి వచ్చి ఆవిరైపోతుంది. దట్టపు రంగు ముందుగా చెడడంలోని రహస్యం ఇదే.

జిడ్డు మాట వేరు. ముఖ చర్మంలో చదరపు సెంటీమీటరుకు సుమారు 400 నుండి 900 వరకు చమురు గ్రంథులు ఉంటాయి. నుదురు, ముక్కు, గడ్డం వాటి ప్రధాన స్థానాలు. అరచేతిలోనూ అరికాలిలోనూ అవి ఉండవు. ఈ గ్రంథుల నుండి వచ్చే చమురు మనం పూసిన చమురు రంగుతో కలిసి దానిని కరిగిస్తుంది. చెమట నీటి రంగుకు శత్రువైతే, జిడ్డు నూనె రంగుకు శత్రువు. పౌడరు అవసరమయ్యేది ఇక్కడే. టాల్కం, కయోలిన్, మెగ్నీషియం కార్బొనేటు వంటి మెత్తని పొడులు ఆ చమురును తమలోనికి పీల్చుకొని, పొరను కదలకుండా పట్టి ఉంచుతాయి.

మూడవది ఒరిపిడి. చేతి రుమాలు, శాలువా, దుపట్టా, కిరీటపు అంచు, తల మీదుగా తొడిగే చొక్కా: ఇవి చెమట కన్న ఎక్కువ రంగును తీసికొనిపోతాయి. నాలుగవది కదలిక. నవ్వినపుడు, పద్యం ఎత్తుకొన్నపుడు నోటి చుట్టూ, కంటి క్రింద, నుదుటి మీద చర్మం ముడుతలు పడుతుంది. దళసరి రంగు ఆ ముడుతలలో చేరి గీతలుగా నిలుస్తుంది. ఇరువది ఏండ్ల యువకుడు అరువది ఏండ్ల వృద్ధునివలె కనబడడానికి ప్రత్యేకమైన వేషం అక్కరలేదు. కంటి క్రింద రంగు ఎక్కువైతే చాలును.

పూసే క్రమం

ప్రదర్శనకు రెండు రోజుల ముందు, కొత్తగా కొన్న రంగును మోచేతి లోపలి వైపు కొద్దిగా పూసి చూడాలి. దురద, ఎర్రదనం, పొక్కులు కనబడితే ఆ రంగు మన చర్మానికి సరిపడదని అర్థం. ప్రదర్శన సాయంకాలం ఈ సంగతి బయటపడితే చేయగలిగింది ఏమీ ఉండదు.

గడ్డం గీసుకొనే పురుష నటులు ఆ పనిని ఉదయమే ముగించుకొనడం మంచిది. కత్తి తగిలిన చర్మం మీద వెంటనే రంగు పూస్తే మంట పుట్టడమే కాక, సూక్ష్మమైన గాట్ల గుండా క్రిములు చేరుతాయి. సాయంకాలం ముఖాన్ని సాధారణమైన సబ్బుతో కడిగి, మెత్తని తుండుతో అద్ది ఆరబెట్టాలి. పొడి చర్మం గలవారు మాయిశ్చరైజరు కొద్దిగా రాసుకొని, అది ఇంకే వరకు పది, పదిహేను నిమిషాలు ఆగాలి. ఈ విరామాన్ని తొందరలో వదలివేసే వారి ముఖం మీద రంగు జారుతుంది. ఫ్యాను క్రింద కూర్చుని దేహం చల్లబడిన తరువాతనే పని ప్రారంభించాలి. చెమట పట్టిన ముఖం మీద వేసిన రంగు ఎన్నడూ నిలవదు.

ముందు వేషపు దుస్తులు ధరించి, మెడ చుట్టూ పాత గుడ్డ కట్టుకొని, ఆ పిదప రంగుకు కూర్చోవాలి. మూలరంగును నుదుట, చెంపల మీద, ముక్కు మీద, గడ్డం మీద చుక్కలుగా పెట్టి, కొద్దిగా తడిపి పిండిన స్పాంజితో అద్దుతూ వ్యాపింపజేయాలి. రుద్దరాదు. రుద్దితే ముందు వేసినది లేస్తుంది, అద్దితే కుదురుకొంటుంది. మెడ, చెవులు, చేతుల పైభాగం మరువరాదు. తెల్లని ముఖానికి నల్లని చెవులు అనే దృశ్యం ప్రేక్షకులకు చిరపరిచితం!

ఒక పలుచని పొర ఆరిన పిదప పఫ్‌తో పౌడరును అదిమి పట్టాలి. ఒకటి రెండు నిమిషాలు ఆగి, మిగిలిన పొడిని మెత్తని కుంచెతో దులిపివేయాలి. అవసరమైన చోట మాత్రమే రెండవ పొర, దాని మీద మరల పౌడరు. రెండు మూడు పలుచని పొరలు, నడుమ నడుమ పౌడరు: ఇది గోడకు సున్నం వేసే పనివాడు ఎరిగిన సూత్రమే. ఒకేసారి మందంగా పట్టించిన సున్నం పెచ్చులుగా రాలుతుంది. పలుచగా రెండు చేతులు వేసినది నిలుస్తుంది.

చెంపల ఎరుపు, కనుబొమల గీత, కంటి రేఖ ఆ తరువాత. పెదవులకు రంగు వేసి, పలుచని కాగితాన్ని పెదవుల మధ్య అదిమి తీసి, కొద్దిగా పౌడరు అద్ది, మరల రంగు వేస్తే అది చాలాసేపు నిలుస్తుంది. భోజనం ఈ పనికి ముందే పూర్తి కావాలి. మంచినీరు మాత్రం రాత్రంతా త్రాగవలసిందే. గొట్టంతో త్రాగితే పెదవి రంగు చెదరదు.

మీసాలు, గడ్డాలు అతికించడానికి వాడే స్పిరిట్ గమ్ అనేది చెట్ల బంకను స్పిరిటులో కరిగించిన ద్రవం. జిడ్డు ఉన్న చర్మానికి అది అంటదు. అందుచేత మీసం వచ్చే చోట మూలరంగు వేయకుండా వదలివేయాలి. గమ్ పూసి, వ్రేలికి జిగురుగా తగిలే వరకు ఆగి, అప్పుడు మీసాన్ని పెట్టి తడి గుడ్డతో అదమాలి. చివరగా, రంగు మీద చల్లే స్ప్రేలు నేడు లభిస్తున్నవి. వాటిలోని ద్రవం ఆవిరైపోగా, అందులో కరిగి ఉన్న జిగురు వంటి పదార్థం కనబడని పొరగా మిగిలి రంగును పట్టి ఉంచుతుంది. కళ్ళు, నోరు మూసుకొని, చేతి దూరం నుండి చల్లుకోవాలి. అనేక స్ప్రేలలో స్పిరిటు ఉంటుంది గనుక దీపం, హారతి, అగరువత్తుల చెంత వాటిని వాడరాదు.

తెర వెనుక రెండు నిమిషాలు

ఎంత శ్రద్ధగా వేసిన రంగుకైనా నడురేయి దాటిన తరువాత కొంత మరమ్మతు అవసరమవుతుంది. ఇక్కడ అందరూ చేసే తప్పు తడి ముఖం మీద పౌడరు చల్లడం. తడి, పొడి కలిసి పిండి ముద్ద అవుతుంది. మొదట పలుచని కాగితాన్నో నూలు గుడ్డనో ముఖం మీద పరచి, మెల్లగా అదిమి చెమటను, జిడ్డును తీసివేయాలి. ఆ తరువాతనే పఫ్‌తో పౌడరు, అదీ నుదురు, ముక్కు, పై పెదవి, గడ్డం అనే నాలుగు చోట్ల మాత్రమే. మూలరంగును మరల వేయవలసిన అవసరం అరుదుగా ఉంటుంది.

ఈ సూత్రాలు నాటకానికే పరిమితం కావు. సాయంకాలం నికాహ్ మొదలుకొని అప్పగింతల వరకు అతిథుల మధ్య కూర్చునే పెండ్లికూతురికి, తెల్లవారుజాము లగ్నానికి రాత్రంతా మేలుకొనే పెండ్లికూతురికి కూడా ఇవే వర్తిస్తాయి. పలుచని పొర, పౌడరు, అద్దకం, ఓర్పు: ఇంతకు మించిన మంత్రం లేదు.

రంగులో దాగిన విషం

ఇక అన్నిటికన్న ముఖ్యమైన విషయం. నిలిచే రంగులన్నీ మంచి రంగులు కావు. పూర్వం రంగస్థలం మీద ధగధగ మెరిసిన ఖనిజాలలో పెక్కు విషతుల్యాలు. అరదళం పాషాణపు సమ్మేళనం. ఇంగిలీకం పాదరసపు సమ్మేళనం. నారింజ వన్నె గల సింధూరంలో సీసం ఉండవచ్చును. కథాకళిలో వాడే మనయోల, చాయిల్యం ఈ జాతికి చెందినవే. ‘సఫేదా’ అనే మాటను చూడండి. ఉర్దూలోనూ, తెలుగు బజారులోనూ ఈ ఒక్క పేరుతోనే సీసపు తెలుపు, జింకు తెలుపు రెండూ చలామణీ అయినవి. జింకు ఆక్సైడు చర్మానికి హాని చేయని పదార్థం; సీసపు తెలుపు నరాలను దెబ్బ తీసేది. పేరును నమ్మి కొన్నవాడు ఏది కొన్నాడో తెలియదు. కంటికి పెట్టే సుర్మా సంగతి కూడా ఇటువంటిదే. పేరుకు అది అంజనపు రాయి అయినా, బజారులో అమ్మే పెక్కు రకాలు సీసపు గంధకిదాలని పరీక్షలలో తేలింది.

ఈ విషం ఏమి చేయగలదో జపాన్ రంగస్థల చరిత్ర చెబుతుంది. 1887లో మెయిజీ చక్రవర్తి సమక్షంలో జరిగిన కబుకి ప్రదర్శనలో నకమురా ఫుకుసుకె అనే ప్రసిద్ధ నటుని కాలు వణకసాగింది. ఏండ్ల తరబడి ముఖానికీ మెడకూ పూసుకొన్న సీసపు తెలుపు వలన కలిగిన వ్యాధి అది. ఆ సంఘటన ఆ దేశాన్ని కలచివేసి, సీసం లేని తెల్లరంగు కొరకు అన్వేషణకు దోహదం చేసింది. ఆ నటునికి కళలో లోపం లేదు. లోపం ఉన్నది డబ్బాలోని రంగులో.

మన దేశంలో 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం క్రింద రూపొందిన నిబంధనలు, రంగు కొరకు సీసం, పాషాణం సమ్మేళనాలను సౌందర్య సాధనాలలో వాడడాన్ని నిషేధించినవి. 2020లో ప్రత్యేకంగా సౌందర్య సాధనాల నిబంధనలు వెలువడినవి. కావున డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, వాడవలసిన గడువు ఉన్నవో లేవో చూసి కొనాలి. పొట్లం కట్టి తూకానికి అమ్మే రంగును ముఖానికి తాకనీయరాదు.

విగ్రహం వేషానికి ఇనుప కిటికీలకు వేసే వెండి రంగును ఒంటికి పూసుకొనే అలవాటు కళాశాలల వేషధారణ పోటీలలో కనబడుతున్నది. అది లోహపు పొడిని టర్పెంటైన్ వంటి ద్రావకంలో కలిపిన పెయింటు. మనుష్య చర్మం కొరకు తయారైనది కాదు. గోడల రంగులు, పోస్టరు రంగులు, హోలీ రంగులు కూడా ముఖానికి పనికిరావు. చప్పట్లు అయిదు నిమిషాలు మ్రోగుతాయి. కంటికి తగిలిన హాని ఏండ్ల తరబడి వెంటాడవచ్చును.

ఒకే స్పాంజి, ఒకే కాటుక పుల్ల పదిమంది ముఖాలు తిరగడం మరొక ప్రమాదం. కండ్ల కలక, తామర, పెదవుల పొక్కులు ఈ మార్గాన ఒకరి నుండి ఒకరికి సంక్రమిస్తాయి. పంచుకొనడం సద్గుణమే గాని, స్పాంజి విషయంలో కాదు.

రంగు దించడం

తెర పడగానే అలసట ముంచుకొని వస్తుంది. అయినను రంగుతో నిద్రించరాదు. నూనె రంగును నీరు కడుగజాలదు, నూనెయే కరిగించాలి. కొబ్బరినూనె ముఖమంతా రాసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, మెత్తని దూదితో తుడిచి, ఆ తరువాత సబ్బుతో కడుగుకోవాలి. కంటి చుట్టూ వేరే దూదితో, ఒత్తిడి లేకుండా తుడవాలి. మీసపు గమ్‌ను లాగి పీకక, దానికి తగిన ద్రావకంతో మెత్తబరచి తీయాలి. కిరోసిన్, పెట్రోలు వంటివి ముఖం దరికి రానీయరాదు. గట్టి రంగును త్వరగా దించాలనే ఆత్రుతతో పీచుతో తోమితే, రంగు చేయని హాని మన చేయి చేస్తుంది.

చేయదగినది

1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక కళ తరతరాలుగా కుటుంబాల చేతులలో నిలిచింది. ఆ కుటుంబాలలో పిల్లలు మాటలతో పాటు రంగు వేసుకొనడం కూడా పెద్దల ప్రక్కన కూర్చుని నేర్చుకొన్నారు. స్త్రీ పాత్రలతో ఆంధ్ర దేశాన్ని మెప్పించిన స్థానం నరసింహారావు, కూచిపూడి సత్యభామగా కీర్తి గడించిన వేదాంతం సత్యనారాయణ శర్మ వంటి కళాకారులకు ఆహార్యం అభినయంలో భాగమే గాని, చివరి క్షణపు పని కాదు. విద్యార్థులకు ఇంటి నుండి ఆ శిక్షణ లభించదు. కావున కళాశాలయే దానిని అందించవలసి ఉన్నది.

ఇందుకు అయ్యే వ్యయం స్వల్పం. నాటక సంఘానికి తాళం గల ఒక రంగుల పెట్టె, అందులో లైసెన్సు గల సరుకు, తలకొక స్పాంజి, తలకొక పఫ్, కొబ్బరినూనె, దూది, సబ్బు. రెండు ప్రక్కల దీపాలున్న ఒక నిలువుటద్దం, ఫ్యాను ఉన్న ఒక గది. గడువు మీరిన డబ్బాలను ఏటేటా పారవేసే బాధ్యత గల ఒక విద్యార్థి. వీటికి తోడు, ప్రదర్శనకు ముందు ఒక్కసారైనా రంగుతో, వేదిక దీపాల క్రింద పూర్తి రిహార్సల్ జరగాలి. ఒక పట్టువస్త్రపు అద్దెకయ్యే సొమ్ముతో ఈ ఏర్పాటులో సగం పూర్తి కాగలదు. యాజమాన్య సంఘం వారు రాబోయే వార్షికోత్సవ వ్యయంలో ఈ పద్దుకు స్థానం కల్పించాలని, విద్యార్థులు ఈ క్రమాన్ని తమ సాధనలో చేర్చుకోవాలని కోరుతున్నాము.

వేషం తెల్లవారితే దిగిపోయేదే. దిగిన తరువాత అద్దంలో కనబడే ముఖం, వేసుకొనక ముందున్న ముఖంవలెనే స్వచ్ఛంగా ఉండాలి.